నాన్న మాట్లాడే కీబోర్డు

విశ్వకర్మ పూజ మర్నాడు పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేస్తే కూతలు మొదలుపెట్టింది. ఒక కూతతో ఊరుకోలేదు. స్టవ్ మీద పెట్టి మరిచిపోయిన కుక్కర్‌లా ఆపకుండా కూసింది. తెర మీద రోజూ కనిపించే పచ్చటి కొండ బొమ్మ రాలేదు. నీలంరంగు పేజీ ఒకటి వచ్చింది, దాని నిండా తేదీలు, అంకెలు, పొట్టి పొట్టి ఇంగ్లీషు మాటలు. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అదే కూత, అదే పేజీ. ఈసారి స్విచ్ గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే భయపడి పనిచేస్తుందేమోనని. వస్తువులతోనైనా మనుషులతోనైనా నా పద్ధతి అంతే అని చాలామంది అన్నారు, నేను కాదనను.

నా వెనక చక్రాల కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. మొహం కడిగి, తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి కూర్చోబెట్టాను. ఎడమచెయ్యి అప్పటికే బల్ల వైపు సాచాడు. ఆ పొద్దున్న ఆయన చెప్పవలసిన మాట ఒకటుంది. అది వినడానికి మా అన్నయ్య విశాఖపట్నం నుంచి వచ్చి, హాల్లో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

మా నాన్న ఇక్కడే, దుర్గ్ పక్కనున్న స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. ప్లాంటులో పనిచేసిన వాళ్ళందరికీ గొంతు పెద్దదే, ఆ మోతలో మామూలుగా మాట్లాడితే ఎవరికి వినిపిస్తుంది గనక. నాన్నది మరీ పెద్దది. సెక్టర్ 4లో మా క్వార్టరు గుమ్మంలో నిలబడి కూరగాయల బండివాణ్ణి కేకేస్తే, పక్క వీధిలో ఇంకో బండి ఆగేది. రిటైరయ్యాక అదే క్వార్టరు లీజుకి తీసుకున్నాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పెళ్ళి సంగతి అడక్కండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి నాన్న కుడిచెయ్యి, కుడికాలు, నాలుక పడిపోయాయి. బుర్ర శుభ్రంగా ఉంది. మాటలన్నీ లోపల ఉన్నాయి, వాటిని పలకడం నాలుకకి చేతకావడం లేదంతే అని డాక్టరు చెప్పాడు. ఆయనకేం, చెప్పేసి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆసుపత్రిలో ఒక అట్ట ఇచ్చారు. ఒక వైపు మంచినీళ్ళ గ్లాసు, అన్నం కంచం, మరుగుదొడ్డి బొమ్మలు, రెండో వైపు అక్షరాలు. వేలితో చూపిస్తే చాలన్నారు. ఇంటికొచ్చిన రోజే నాన్న దాన్ని ఎడమచేత్తో కిటికీలోంచి బయటికి విసిరాడు. ఒకటో క్లాసు పిల్లాడి లెక్కన బొమ్మలు చూపించడం ఆయనకి తలకొట్టేసినట్టయింది. ఫోన్ చేతికిస్తే వణికే వేలికి ఒక అక్షరం బదులు మూడు పడేవి. ఫోన్‌ని తిట్టబోతే ఆ తిట్టు కూడా నోట్లోంచి వచ్చేది కాదు.

ఆఖరికి మూల పడున్న పాత డెస్క్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. దాని కీబోర్డుకి ఎత్తుగా, లావుగా ఉండే మీటలు. నొక్కితే టక్కుమంటాయి, పడిందో లేదో వేలికి తెలుస్తుంది. క్రేన్ కంట్రోలర్ మీద ఉద్యోగమంతా గడిపిన మనిషి, మీటల సంగతి ఆయనకి ఒకరు నేర్పాలా. నాలుగు రోజుల్లో పట్టేశాడు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు, ఈ ఊరి అలవాటు కొద్దీ మధ్యలో హిందీ పడేది. తెర మీద అక్షరాలు అరచేతి వెడల్పున కనిపించేలా పెట్టాను. మొదటిసారి ఆయన కొట్టిన మాట "పులుసు". రెండో మాట "ఉప్పెక్కువ". అది చదివి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నెలల తరబడి నేను వండింది నోరు మూసుకుని తిన్న మనిషి మళ్ళీ వంకలు పెడుతున్నాడన్న సంతోషం అది.

అన్నయ్య ఏడాదికోసారి వస్తాడు. నెమ్మదస్తుడు. మనం ఎంత అరిచినా "సర్లే" అంటాడు, అదే నాకు ఒళ్ళుమంట. ఈసారి పూజ రోజు మధ్యాహ్నం దిగాడు. భోజనం చేసి, చెయ్యి తుడుచుకుంటూ, నాన్నని తనతో తీసుకెళ్ళిపోతానన్నాడు. చెకప్ కోసమో, పది రోజుల మార్పు కోసమో కాదు. ఉండిపోవడానికే. కింది వాటాలోకి ఇల్లు మారానన్నాడు, మెట్లు లేవన్నాడు, చెయ్యీ కాలూ ఆడించే మనిషి ఇంటికే వస్తాడన్నాడు. ఎల్లుండి మధ్యాహ్నం దుర్గ్‌లో ఎక్కే రైలుకి రెండు టికెట్లు కూడా చేయించేశాడు.

"నాకో మాట చెప్పక్కర్లేదేటి?" అన్నాను.

"చెప్తే నువ్వొద్దంటావని చెప్పలేదే," అన్నాడు. అబద్ధమాడటం కూడా రాదు ఆయనకి.

అప్పుడే వెళ్ళి నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "నాన్నా, నాతో వచ్చియ్. నా దగ్గిరుండు. ఎన్నాళ్ళయిందో మనిద్దరం ఒక ఇంట్లో ఉండి," అన్నాడు. నాన్న తల ఊపాడు. అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు మాత్రం నవ్వొచ్చింది. పక్షవాతం తర్వాత తల ఊపడం నాన్నకి ఒక అలవాటైపోయింది. ఇంకో ఇడ్లీ వెయ్యనా అంటే ఊపుతాడు, వేస్తే తినడు. మీటర్ రీడింగుకి వచ్చినవాడు "ఠీక్ హో అంకుల్?" అంటే ఊపుతాడు. ఎదుటివాళ్ళు తొందరగా మాట ముగించి పోవడానికి అదొక ఉపాయం.

"ఆ తల ఊపుడు నమ్మీకన్నయ్యా," అన్నాను. "అన్నిటికీ అలాగే ఊపుతాడు. చూడు. నాన్నా, నువ్వు దుర్గ్ కలెక్టరువి కదూ?"

నాన్న నన్ను తేరిపార చూసి, నిదానంగా తల ఊపాడు. పెదవి ఒక పక్కకి కదిలింది. అది ఆయన నవ్వు.

"చూశావా?"

"చూశాన్లే. అయితే ఏటి చేద్దాం?"

"రేపు పొద్దున్న కూచోబెడతాను. ఆయన వేలితో ఏటి కొడితే అదే. ఉంటానంటే ఉంటాడు, వస్తానంటే తీసుకెళ్ళు. నేనడ్డం పడను," అన్నాను. ధైర్యంగానే అన్నాను. ఉంటాననే కొడతాడని నాకు నమ్మకం. ఈ ఊరు విడిచి ఎక్కడికి పోతాడు? సందు చివర టీ కొట్టు దగ్గర పాత షిఫ్టువాళ్ళు ఉన్నారు, నేనున్నాను.

ఆ సాయంత్రమే కొట్టించొచ్చు కదా అంటే, కుదరదు. పూజ చేసిన రోజు మిషన్ ముట్టకూడదు. ప్లాంటులో అందరూ పాటించేదే అది. విశ్వకర్మ పూజంటే మా ఊరికి దసరా కన్నా పెద్దది. చిన్నప్పుడు ఆ ఒక్కరోజు ఇంటివాళ్ళని లోపలికి పోనిచ్చేవారు. మేం కొత్త బట్టలేసుకుని నాన్న వెనకే వెళ్ళేవాళ్ళం. ఆయన ఇనుప మెట్లెక్కి, క్రేన్ గదిలో కంట్రోలర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు మిషన్ మీద చల్లి దణ్ణం పెట్టుకునేవాడు. ఏడాదంతా ఏ మనిషి మీదా బరువు పడకుండా కాచింది ఆ బొట్టే అని ఆయన నమ్మకం. నడవలేకపోయిన ఈ మూడేళ్ళలో మొదటి రెండేళ్ళూ పూజ రోజు మంచం మీంచి లేవలేదు. ఈసారి పొద్దున్నే కీబోర్డు ముందు కూర్చుని "కొబ్బరికాయ తే" అని కొట్టాడు. ఎందుకన్నాను. "నా మిషన్‌కి" అని కొట్టాడు. నాకు గుండె నిండిపోయింది. పరుగెత్తుకెళ్ళి తెచ్చాను. కంప్యూటర్ ఆపేసి, బల్ల తుడిచి, పువ్వులు పెట్టాను. ఆయన వణికే వేలితో కీబోర్డు మూలన బొట్టు పెట్టాడు, అక్షింతలు వేశాడు. నేను కాయ కొట్టి చిప్ప చేతికిస్తే నీళ్ళు చల్లాడు. పూజ అయ్యాక పైన పడ్డ చుక్కలు నేనే గుడ్డతో తుడిచాను.

ఇక మర్నాడు పొద్దున్న ఆ కూతలు.

"హార్డ్ డిస్క్ పోయుంటుందే," అన్నాడు అన్నయ్య, టీ గ్లాసుతోనే వచ్చి నిలబడి.

"నీకు తెలుసేటి?"

"తెలీదు. మా ఆఫీసులో అన్నిటికీ అదే అంటారు."

కంప్యూటర్ డబ్బా మూత విప్పాను. లోపల ప్లాంటు దుమ్ము ఎర్రగా మందంగా పేరుకుని ఉంది. మా ఊళ్ళో ఏ సామాను విప్పినా ముందు కనిపించేది అదే. మెత్తటి బ్రష్షుతో దులిపాను. స్కూల్ ల్యాబులో చూసిన చిట్కా ప్రకారం మెమరీ కార్డు బయటికి లాగి, దాని రాగి పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ దిగ్గొట్టాను. కూత ఆగలేదు. తెర మీద తేదీలు కనిపిస్తున్నాయి కాబట్టి లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయిందేమో అనుకుని, వంటింట్లో తూకం మిషన్‌లోంచి బ్యాటరీ తీసి ఇందులో వేశాను. అదీ లాభం లేదు. సుపేలా బజారులో రిపేరు దుకాణానికి ఫోన్ చేస్తే, వెనక డప్పుల మోతలో అతను అరుస్తున్నాడు. "దీదీ, ఆజ్ విసర్జన్ హై! దుకాన్ బంద్! కల్ దోపహర్ కో లే ఆనా!" పూజ బొమ్మల నిమజ్జనమట, కొట్టు మూశాడట, రేపు మధ్యాహ్నం తెమ్మంటున్నాడు. అప్పటికి మా వాళ్ళు రైల్లో ఉంటారు.

మధ్యాహ్నం దాకా నేను డబ్బా ముందే కూర్చున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది. లేచి చూస్తే లోపలి గదిలో అన్నయ్య నాన్న లుంగీలు మడతపెట్టి బ్యాగులో సర్దుతున్నాడు.

"అప్పుడే ఏటి సర్దేస్తున్నావు? ఆయన చెప్పలేదు కదా!"

"తలూపేడు కదే."

"కలెక్టర్నని కూడా ఊపాడు!"

బ్యాగులోంచి లుంగీలు తీసి మంచం మీద పడేశాను. అన్నయ్య మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టాడు. నేను మళ్ళీ లాగాను. నలభై దాటిన ఇద్దరం ఒక లుంగీ చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం. అప్పుడు హాల్లోంచి నాన్న గొంతు వచ్చింది. మాట కాదు, పెద్ద మూలుగు. ఇద్దరం పరుగెత్తాం.

ఆయన ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి ఏదో చూపిస్తున్నాడు. మంచినీళ్ళా అన్నాను. తల ఊపాడు. తెస్తే తాగలేదు. బాత్రూమా అన్నాడు అన్నయ్య. ఊపాడు. కుర్చీ తిప్పబోతే చక్రం పట్టుకుని ఆపేశాడు. నొప్పా, ఎక్కడ, గుండెల్లోనా, ఫ్యాను తగ్గించాలా, టీవీ పెట్టాలా. మేం ఒకరి మీద ఒకరు పడుతూ అడుగుతున్నాం, ఆయన ఊపుతూనే ఉన్నాడు. చివరికి చెయ్యి ఒళ్ళో పడేసి కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఏం చెప్పబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు అన్నం కూడా రెండు ముద్దలు తిని వద్దన్నాడు.

నాకు అప్పుడు భయం వేసింది. కంప్యూటర్ బాగవకపోతే ఆ తల ఊపుడే లెక్కలోకి వస్తుంది. మా నాన్న ఒక్క మాటా చెప్పకుండానే బండెక్కేస్తాడు. నేను మూడేళ్ళు కళ్ళలో పెట్టుకుని చూసుకున్న మనిషి, ఉంటాననే అవకాశం కూడా లేకుండా సామానుతో పాటు వెళ్ళిపోతాడు. అన్నయ్య మీద కోపం వచ్చింది, కంప్యూటర్ మీద కోపం వచ్చింది, విసర్జన చేసుకుంటున్న ఊరందరి మీదా కోపం వచ్చింది.

ప్రయాణం రోజు పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఊహలు మానేశాను. పిల్లలకి లెక్క ఎక్కడ తప్పిందో తెలియకపోతే, ఒక్కో పదం తీసేసి చూడమంటాను. అదే చేశాను. వెనక వైర్లలో ప్రింటర్‌ది పీకి ఆన్ చేశాను. కూత. స్పీకర్లది పీకాను. కూత. మౌస్ పీకాను. కూత. మిగిలింది కీబోర్డు ఒక్కటే. దాన్ని ఎవరు అనుమానిస్తారు? నాన్న రోజూ వాడుకునేదే, పూజ రోజు పొద్దున్న దాకా పనిచేసిందే. విసుగుతోనే దాని వైరు కూడా లాగి స్విచ్ నొక్కాను.

ఇల్లంతా నిశ్శబ్దం. ఒక్క కూత లేదు. తెర మీద పచ్చటి కొండ వచ్చి నిలబడింది.

"అన్నయ్యా!" అని అరిచాను. ఆయన మొహం మీద సబ్బు నురుగుతో పరుగెత్తుకొచ్చాడు.

కీబోర్డు తిరగేసి బల్ల మీద తట్టాను. రెండు అక్షింతలు రాలాయి, ఎండిన పువ్వు రేక ఒకటి. తిప్పి చూస్తే కుడివైపు 'డిలీట్' అని రాసున్న మీట కిందికి దిగిపోయి ఉంది. వేలితో లేపబోతే లేవలేదు. దాని చుట్టూ బంక పట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కొబ్బరి వాసన. ఆన్ చేసేటప్పుడు ఆ మీట నొక్కి పట్టుకుంటే లోపలి సెట్టింగుల పేజీ తెరుచుకుంటుందని నాకు తెలుసు, స్కూల్లో చూశాను. ఎవరో వేలు తియ్యకుండా నొక్కుతున్నారనుకుని కంప్యూటర్ ప్రతిసారీ ఆ పేజీ తెరుస్తోంది, వేలు తియ్యమని కూస్తోంది. నేను పైపైన తుడిచిన నీళ్ళు మీట సందులోంచి దిగి, ఒక రోజంతా ఎవరూ ముట్టకపోవడంతో హాయిగా ఎండి జిగురైపోయాయి.

అన్నయ్య ఫక్కున నవ్వాడు. "నాన్నా, క్రేన్‌కి పనిచేశాయి గానీ దీనికి పడలేదు నీ కొబ్బరినీళ్ళు!"

నాన్న నవ్వలేదు. బొట్టు పెట్టిన చెయ్యి కేసి చూసుకుని, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆయన పూజ చేసిన మిషన్ ఆగిపోవడం అదే మొదలు. అన్నయ్యని నోరు మూసుకోమని కసిరాను. ఆయనా నొచ్చుకుని, నాన్న భుజం మీద చెయ్యేశాడు.

కొత్తది కొనాలంటే దుకాణాలు తెరవలేదు. చుట్టుపక్కల ఇళ్ళల్లో అన్నీ లాప్‌టాప్‌లే. నాన్నకి సుగర్ సూది వేసేముందు రాసే స్పిరిట్, దూది తెచ్చుకుని నేల మీద కూర్చున్నాను. తలపిన్నుతో మీట అంచు ఎత్తితే టప్పున ఊడి మంచం కిందికి పోయింది. వెతికి తెచ్చి, గిన్నెలో వేడినీళ్ళలో వేశాను. పక్కనున్న మీటలు కూడా ఊడదీశాను. అడుగున తెల్లటి రబ్బరు బొడిపెల మధ్య కుంకుమ కలిసిన పాకం. దూదికి స్పిరిట్ ముంచి తుడుస్తుంటే గులాబీరంగు దిగింది. తుడిచిన కొద్దీ వస్తూనే ఉంది. అన్నయ్య గడియారం చూసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"తొందరేటీ లేదు," అన్నాడు. "కారు పదకొండు గంటలకి రమ్మన్నాను. నువ్వు బాగా తుడువు."

అంత మంచిగా ఎందుకుండాలి మనిషి? కాస్త తొందరపెట్టుంటే నేను నాలుగు కేకలేసి తేలికపడేదాన్ని.

మీటలు తుడిచి, కిటికీ గట్టు మీద ఎండకి పెట్టాను. ఆరినవి ఆరినట్టు నొక్కి బిగించాను. డిలీట్ మీట వేలికి తగిలి దిగి, వదలగానే పైకి లేచింది. నాలుగైదుసార్లు ఊరికే నొక్కి చూసుకున్నాను, అది లేస్తుంటే నా ప్రాణం లేచొచ్చినట్టుంది. వైరు పెట్టి ఆన్ చేశాను. కూత లేదు. కొండ బొమ్మ వచ్చింది. నాన్న కుర్చీ బల్ల దగ్గరికి జరిపి, అక్షరాలు పెద్దవి చేసి, పక్కన నిలబడ్డాను. అన్నయ్య నాకు వెనకగా, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు నాన్నా. ఎవ్వరం నిన్ను బలవంతం చెయ్యం. ఇక్కడే ఉంటావా, అన్నయ్యతో వెళ్తావా?"

నాన్న వేలు గాల్లో ఆగింది. తర్వాత ఒక్కో అక్షరం పడింది. టక్. టక్. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదాన్ని నేను కూడబలుక్కున్నాను.

ఎల్తాను.

"తప్పు పడినట్టుంది. ఇప్పుడే బాగుచేశాను కదా, మీటలు ఇంకా సర్దుకోలేదు. మళ్ళీ కొట్టు," అన్నాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. మళ్ళీ కొట్టాడు.

ఎల్తాను. ఆడికి మొన్ననే చెప్పీసేను. తలూపేను కదా.

నా ఒళ్ళంతా మండిపోయింది. రెండు రోజులుగా డబ్బా విప్పి, రుద్ది, తుడిచి, పిన్నుతో పొడిచి వేలు కోసుకుని నేను తెప్పించుకున్న మాట ఇది. "ఇక్కడ నీకేటి తక్కువ చేశాను?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. "టైముకి మందులివ్వలేదా? స్నానం చేయించలేదా? ఒక్కరోజు సెలవు పెట్టి సరదాగా ఎక్కడికైనా వెళ్ళానా? ఏటి తక్కువయ్యింది చెప్పు!"

"ఒసే, ఆగవే," అన్నాడు అన్నయ్య వెనకనుంచి.

నాన్న ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత చాలాసేపు కొట్టాడు. మధ్యలో వేలు వణికితే మణికట్టు బల్ల అంచుకి ఆనించుకున్నాడు. ఒక అక్షరం తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టాడు. నేను ప్రతి అక్షరం పడుతుండగా చదువుతూనే ఉన్నాను, ఆపలేను కదా.

తక్కువేటీ నేదు. ఆడు రమ్మన్నాడు. నువ్వెప్పుడూ ఉండమన్నేదు.

"అదొకటి అడగాలా?" అన్నాను. "ఇంట్లో మనిషిని ఉండమని ఎవరైనా అడుగుతారా?"

నీకు నాను డ్యూటీ అనుకున్నాను.

డ్యూటీ అన్నది నా నోటి మాటే. స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఫోన్లో ఎవరో ఒకరితో రోజూ అనే మాట, "ఒక డ్యూటీ అయ్యింది, ఇంక రెండో డ్యూటీ." విసుగుతో అనేదాన్ని, నవ్వుతూ అనేదాన్ని, ఇష్టం లేక కాదు. ఆయనకి నాలుక పోయింది గానీ చెవులు పోలేదు. షిఫ్టు అయిపోతే డ్యూటీ దిగిపోవాలని ఆ మనిషికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? నన్ను ఆ డ్యూటీ నుంచి దింపుదామనుకున్నాడు.

"డ్యూటీ కాదు నాన్నా," అన్నాను. అంతకన్నా బాగా చెప్పడం చేతకాలేదు. "నాకు నువ్వుండాలి. ఉండు. వెళ్ళకు."

అన్నయ్య ముందుకొచ్చాడు. ఆయన తెర మీదవన్నీ చదివేశాడు. "నాన్నా, నీ ఇష్టం. టికెట్లదేముంది, కేన్సిల్ చేసెయ్యొచ్చు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. కింది వాటా ఇల్లు వెతుక్కుని, మంచం కొని, ఎదురుచూసిన మొహం అది. ఆయనకి కూడా నాన్నే కదా. ఈ రెండు రోజుల్లో నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

నాన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బయట కారు ఆగిన చప్పుడయ్యింది. ఆయన వేలు మళ్ళీ మీటల మీదికి వెళ్ళింది.

మాటిచ్చేను. ఎల్తాను. నువ్వు పిలు. వస్తాను.

పిలవడమంటే ఫోన్ చేసి పిలవాలి. ఫోన్లో ఆయన మాట్లాడలేడు, తల ఊపితే నాకు కనిపించదు. వస్తాడో రాడో తెలియకుండానే పిలవాలి. అలా అడగడం నాకు అలవాటు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ దేనికీ రమ్మని, ఉండమని అడిగిన గుర్తు లేదు. అరిచాను, కసిరాను, చేసిపెట్టాను. అడగలేదు.

"రా నాన్నా," అన్నాను.

"ఇంకా వెళ్ళలేదు కదే," అన్నాడు అన్నయ్య.

"అయినా పిలుస్తున్నాను. వచ్చెయ్ నాన్నా."

నాన్న కీబోర్డు మీంచి చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టు గట్టిగానే ఉంది. కారువాడు రెండోసారి హారన్ కొట్టేదాకా వదల్లేదు. తర్వాత వదిలాడు.